ఏడు వాటాలు, ఒక రూపాయి

ఆదివారం టిఫిన్‌కి పిన్ని వాళ్ళింటికెళ్తే జరిగిందిది. నేను మధ్యలో ఒక్క ముక్క మాట్లాడలేదు, పెసరట్టు తింటూ కూర్చున్నానంతే. బాబాయి పాల కార్డు వెనకాల 142857 అని రాసి, చుట్టూ గుండ్రం కూడా చుట్టిపెట్టుకున్నాడు, అది పిన్ని కంట పడింది.

పిన్ని: ఏంటండీ ఇది?

బాబాయి: అదా! అద్భుతమైన నంబరే అది.

పిన్ని: లక్షా నలభై రెండు వేల ఎనిమిది వందల యాభై ఏడు, అద్భుతంగా కాక ఎలా ఉంటుంది? ఇరవయ్యేళ్ళు చీటీలు నడిపినదాన్ని, నాకు తెలీదనుకున్నారా, పది లక్షలు ఏడు వాటాలేస్తే తలకి ఇంతే. మీరు ఎంతమంది?

బాబాయి: ఎవరం?

పిన్ని: అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ కలిపి!

బాబాయి: ఏడుగురం. అయితే?

పిన్ని: అయితే ఊళ్ళో మావయ్యగారి పెంకుటిల్లు నాకు చెప్పకుండా అమ్మేశారన్నమాట.

బాబాయి: ఇల్లూ లేదు గిల్లూ లేదు! ఒకటిని ఏడుతో భాగిస్తే సున్నా పాయింట్ 142857, మళ్ళీ 142857, మళ్ళీ అదే, ఎప్పటికీ ఆగదు.

పిన్ని: మీ పెద్దక్కయ్య ఫోన్ లాగా.

బాబాయి: ఇంటూ రెండు చెయ్యి, 285714. ఇంటూ మూడు, 428571. అవే అంకెలు, అదే వరస, మొదలొక్కటే మారుతుంది. ఆరు దాకా ఇంతే.

పిన్ని: సంక్రాంతికి చూస్తున్నాగా మీవాళ్ళని, అవే మొహాలు, కుర్చీలు మారతాయి. మరి ఏడుతో?

బాబాయి: అక్కడే ఉంది మజా! 999999.

పిన్ని: పది లక్షలకి రూపాయి తక్కువ. ఎవరు నొక్కేశారు?

బాబాయి: ఏ రూపాయే!!

పిన్ని: అరవకండి, బీపీ బిళ్ళ వేసుకున్నారా? ఆ అల్లప్పచ్చడి కొంచెమే వేసుకోండి, ఉప్పెక్కువైంది. ఊ, రూపాయి సంగతి చెప్పండి.

బాబాయి: దాన్ని రెండు ముక్కలు చేసి కలుపు, 142, 857. 999. మూడు ముక్కలు చెయ్యి, 14, 28, 57. 99!

పిన్ని: ఎన్ని ముక్కలు చేసినా ఒకటి తక్కువే. ఎంత పకడ్బందీగా లేపేశారో!

బాబాయి: (ఏడుపు గొంతుతో) ఇంటూ ఎనిమిది చెయ్యవే తల్లీ, 1142856. ముందున్న ఒకటి తీసి మిగతాదానికి కలుపు, మళ్ళీ 142857 వచ్చేస్తుంది...

పిన్ని: దొరికింది! ఆ ఒకటే! ఏడుగురి తర్వాత ఎనిమిదోది ఎవరు, మీ పెద్దబావగారేగా?

బాబాయి: ఆయన్నెందుకే లాగుతావు!

పిన్ని: లాగేదేముంది, పొద్దున కార్డు చూడగానే మీ అక్కయ్యకి ఫోన్ చేసి, వదినగారూ ఒక రూపాయి లెక్క తేలట్లేదండీ అని అడిగేశాను కూడా.

(బాబాయి చేతిలో అట్టు ముక్క అలాగే ఉండిపోయింది. అప్పుడే పిన్ని ఫోన్ టింగుమంది. ఫోన్‌పేలో ఒక రూపాయి.)

పిన్ని: చూశారా, ఒప్పేసుకుంది! ఇందులో మీ వాటా పద్నాలుగు పైసలు.

బాబాయి: పద్నాలుగు పాయింట్ రెండు ఎనిమిది ఐదు ఏడు...

పిన్ని: ముందు ఆ అట్టు తినండి, చల్లారిపోతోంది.