అడుగు పొడవైతే చిన్నదే

ఆటల బొమ్మలను తెర మీదికి తెచ్చే గ్రాఫిక్స్ కార్డులు మరీ పెద్దవైపోయాయని, చిన్న కంప్యూటర్ కేబినెట్‌లో పట్టేది దొరకడం లేదని కుర్రకారు తెగ వాపోతోంది. ఈ ఏడుపులో పస లేదు. 2024 జూన్‌లోనే గ్రాఫిక్స్ చిప్పుల కంపెనీ ఎన్విడియా ఈ సమస్యను పరిష్కరించేసింది. చిన్న కార్డు తయారు చేసి కాదు, చిన్నదంటే ఎంతో నిర్ణయించి. పొడవు 304 మిల్లీమీటర్లు, కరెంటు వైరు వంపుతో సహా ఎత్తు 151, మందం 50. పెద్ద తరగతి కార్డుల్లో ఈ కొలతలు దాటనివన్నీ ‘ఎస్‌ఎఫ్‌ఎఫ్ రెడీ’, అంటే చిన్న కంప్యూటర్‌కు తయారుగా ఉన్నవన్నమాట. 304 మిల్లీమీటర్లంటే అడుగుకు వెంట్రుకవాసి తక్కువ. చిన్న కంప్యూటర్లలో పెట్టే మినీ ఐటీఎక్స్ మదర్‌బోర్డు, అంటే భాగాలన్నింటినీ కలిపే పలక, ఎటు కొలిచినా 170 మిల్లీమీటర్లే. బోర్డు మీద కూర్చునే కార్డు ఆ బోర్డుకు దాదాపు రెండింతలైతే తప్పు బోర్డుదే గానీ కార్డుది కాదు.

ఈ నిర్వచనం ఎంత ఉదారమైనదో 2025 జనవరిలో తేలింది. ఆర్‌టీఎక్స్ 5090 అనే భారీ కార్డులో ఎన్విడియా సొంత మోడల్ సరిగ్గా 304 పొడవుతో, 40 మందంతో వచ్చి చిన్నవాళ్ల వరసలో హాయిగా కూర్చుంది. లాగే కరెంటు 575 వాట్లు. వంటింట్లో మిక్సీ కూడా కాస్త అటూఇటూగా అంతే లాగుతుంది, కానీ అది చట్నీ అవగానే ఆగుతుంది.

పోనీ, పెద్దవాటి జోలికి పోకుండా 115 వాట్లతో సరిపెట్టుకునే ఆర్‌టీఎక్స్ 4060 కొందామంటారా? దానికీ మూడు ఫ్యాన్ల మోడళ్లున్నాయి. అట్టపెట్టె నుంచి తీసి పక్కకు తిప్పి చూడండి. సర్క్యూట్ బోర్డు సగం దూరంలోనే అయిపోతుంది. మిగతా సగం అల్యూమినియం రేకులు, ప్లాస్టిక్, గాలి. దండగ అనకండి. అంత డబ్బు పోసినవాడికి చేతిలో కాస్త బరువు తగలాలి కదా! ఒంటి ఫ్యాన్ కార్డులూ వస్తాయి. కాకపోతే వాటిని అడిగినవాణ్ని దుకాణం కుర్రాడు ఎగాదిగా చూసి, ‘బడ్జెట్ ఎంత సార్?’ అంటాడు.

అసలు కష్టం సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో సెకండ్ హ్యాండ్ ఆఫీసు డెస్క్‌టాప్ కొన్న బీటెక్ కుర్రాడిది. ఏదో కంపెనీ వదిలించుకున్న సన్నటి పెట్టె అది. ఇంట్లో ‘ప్రాజెక్టు కోసం’ అని చెప్పి తెచ్చుకున్నాడు. అందులో పట్టాలంటే లో ప్రొఫైల్ కార్డే కావాలి, అంటే ఎత్తు దాదాపు 69 మిల్లీమీటర్లు. 4060లో అలాంటిదీ ఉంది, పొడవు 182 మాత్రమే. సంబరపడేలోపే ఇంకో అడ్డంకి. మదర్‌బోర్డు స్లాట్ నుంచి వచ్చేది 75 వాట్లు. మిగతా కరెంటు ఎస్‌ఎంపీఎస్ (పెట్టెలోని భాగాలకు కరెంటు పంచే డబ్బా) నుంచి విడిగా రావాలి. ఆఫీసు పెట్టెల్లో చాలావాటికి ఆ కనెక్టరే ఉండదు. ఎక్సెల్ షీట్లు చూసుకునే గుమాస్తాకు అదెందుకని వదిలేశారు.

అప్పుడు మిగిలేది 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050. ఇక్కడ కంపెనీ పొదుపును మెచ్చుకోవాలి. 2022లో వచ్చిన 3050కి 8 జీబీ మెమరీ, లెక్కలు చేసే కోర్లు 2560. 2024లో వచ్చిన దీనికి 6 జీబీ, 2304 కోర్లు. అన్నీ కోసినవాళ్లు పేరును మాత్రం ముట్టుకోలేదు. ఇక సెకండ్ హ్యాండ్‌లో కొంటే, ‘కార్డు సూపర్ కండిషన్ తమ్ముడూ, పొట్టి బ్రాకెట్ ఒక్కటే కనబడట్లేదు’ అంటారు. రేకు ముక్కే గానీ, అది లేకపోతే కార్డును ఆ పెట్టెలో సరిగా బిగించలేం. అన్నీ కుదిరాక, మే నెలలో ఆ బుల్లి ఫ్యాన్లు ఎత్తుకునే రాగం వింటే, పిట్ట కొంచెం కూత ఘనమన్న సామెత మనవాళ్లు దీన్ని చూసే పుట్టించారనిపిస్తుంది.

బుద్ధిగా చిన్న కార్డు చేయడం చేతకాక కాదు. 2015లో ఎన్విడియా పోటీదారు ఏఎండీ ఆరంగుళాల ఆర్9 నానో తెచ్చింది. మెమరీని చిప్ పక్కనే ఒకే ప్యాకేజీలో పేర్చి జాగా మిగిల్చింది. ధర మాత్రం తన పెద్దన్న ఫ్యూరీ ఎక్స్‌తో సమానంగా 649 డాలర్లు పెట్టింది. జనం జాగా ఆదా అయిందని మురిసిపోలేదు. నాలుగైదు నెలలకే 499కి దిగొచ్చింది.

ఆ పాఠం ఎన్విడియా వేరేలా నేర్చుకుంది. 2023లో ఆర్‌టీఎక్స్ 4000 ఎస్‌ఎఫ్‌ఎఫ్ ఆడా తెచ్చింది. లో ప్రొఫైల్, 70 వాట్లు, 20 జీబీ మెమరీ, విడిగా కరెంటు వైరే అక్కర్లేదు. మన కుర్రాడు కలగన్నది అచ్చంగా ఇదే. ధర 1250 డాలర్లు, ఎందుకంటే ఇది ఆటలాడేవాళ్ల కోసం కాదు, ఇంజినీర్ల కోసమట. తెలుగు ఇళ్లలో ఇదేమీ అడ్డంకి కాదు. ‘నాన్నా, ఇది ఇంజినీర్లు వాడే కార్డు’ అంటే ఎంతటి తండ్రయినా మెత్తబడతాడు. ఆటలు కూడా ఆడుతుందన్న సంగతి బిల్లు కట్టాక చెప్పొచ్చు.