వల వేసింది పోలీసులైతే?

డేటింగ్ యాప్‌లో మనతో చాట్ చేస్తున్నది పోలీసు కావచ్చు. పిల్లల కోసం వేట సాగించేవాళ్లను పట్టుకోవడానికి ఈ పద్ధతి పనికొస్తుంది, దాన్ని నేను తప్పుపట్టను. అవతల నిజంగా మైనర్ లేకపోయినా చాలా దేశాల్లో నేరప్రయత్నం కింద శిక్ష పడుతుంది. పడాలి కూడా. నా అభ్యంతరమల్లా, వద్దనుకున్న మనిషిని వెంటపడి మరీ నేరంలోకి దింపడం మీదే.

అమెరికాలో జాకబ్‌సన్ అనే నెబ్రాస్కా రైతుకు ప్రభుత్వ సంస్థలే, అసలు ఉనికిలో లేని సంఘాల పేర్లు పెట్టుకుని, 26 నెలల పాటు ఉత్తరాలు పంపాయి. చివరికి ఆయన పిల్లల అశ్లీల చిత్రాలున్న పత్రిక ఆర్డర్ చేశాడు, అరెస్టయ్యాడు. ప్రభుత్వం జోక్యం చేసుకోకముందే ఆయనకా ఉద్దేశం ఉందని రుజువు కాలేదంటూ 1992లో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో శిక్ష కొట్టేసింది. బ్రిటన్‌లో లూజ్‌లీ అనే నిందితుడి కేసులో 2001లో వచ్చిన తీర్పు ప్రధానంగా పోలీసుల ప్రవర్తనను చూసింది. ఎవరైనా ఇవ్వగల మామూలు అవకాశమే ఇచ్చారా, అంతకు మించి ఉసిగొల్పారా అని అడిగింది. నాకు ఇదే న్యాయమనిపిస్తుంది. నిందితుడి స్వభావం తవ్వడం మొదలుపెడితే అతని పాత జీవితమంతా బోనెక్కుతుంది, పోలీసులు పంపిన మెసేజ్‌లు మాత్రం పక్కకు పోతాయి.

ఈజిప్టులో పోలీసులు యాప్‌లలో నకిలీ ప్రొఫైళ్లు పెట్టి, స్వలింగ సంపర్కులను కలుద్దామని పిలిచి, 1961 నాటి చట్టం కింద అరెస్టు చేస్తున్నారు. అక్కడ కాపాడాల్సిన బాధితుడే లేడు. ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి కలవడమే నేరమైంది. ఫోన్‌లోని ఫొటోలు, పాత చాట్‌లే సాక్ష్యాలవుతాయి. అలాంటి చోట ఉండేవాళ్లు చాట్‌లు ఎప్పటికప్పుడు తుడిచేయడం, లొకేషన్ ఆపేయడం, ముఖం, ఇంటిపేరు, ఉద్యోగం ఒకేచోట కనిపించకుండా చూసుకోవడం అత్యవసరం.

మిగతా చోట్ల జాగ్రత్తలు వేరు. కలిసేముందు వీడియో కాల్ చేయాలి, మొదటిసారి జనం ఉన్న చోటే కలవాలి. వయసు 18 లోపని చెబితే, సరదాకి అన్నా సరే, అక్కడితో మాట ఆపేసి యాప్‌కి రిపోర్ట్ చేయాలి. 'నేను పోలీసుని, డబ్బు పంపితే కేసు ఉండదు' అని ఫోన్ వస్తే టెన్షన్ పడి పంపొద్దు, అది బెదిరించి డబ్బు గుంజే పని. ఆ మెసేజ్‌లు, నంబరు దాచిపెట్టి ఫిర్యాదు చేయాలి. నిజంగానే అరెస్టైతే లాయర్ వచ్చేదాకా వివరణలు ఇవ్వకపోవడమే మంచిది.

పోలీసులు కోర్టుకు ఇవ్వాల్సింది తమకు అనుకూలమైన నాలుగు స్క్రీన్‌షాట్లు కాదు. మొదటి 'హాయ్' నుంచి చివరి మెసేజ్ దాకా, మధ్యలో నిందితుడు వద్దన్న మాటలతో సహా, మొత్తం చాట్ ఇవ్వాలి.