అవి ఇంకా రెస్ట్‌లో ఉన్నాయండీ

క్యూబా సిగార్లు సేకరించే పెద్దమనిషి ఇంటికి వెళ్తే చెయ్యకూడని పని ఒక్కటే ఉంది. సిగార్ ఇమ్మని అడక్కూడదు. అడిగారో, ఆయన మొహం పాలిపోతుంది. "అయ్యో, అవి ఇంకా రెస్ట్‌లో ఉన్నాయండీ" అంటాడు, పక్కగదిలో బాలింత పడుకున్నట్టు గొంతు తగ్గించి.

దుబాయ్ నుంచి వచ్చాయట. ప్రయాణంలో బాగా అలిసిపోయాయట. వాటిని మోసుకొచ్చిన తమ్ముడు అదే రాత్రి ఆఫీసు కాల్‌లో కూర్చున్నాడు గానీ, వాడి అలసట సంగతి ఎవరూ ఎత్తలేదు. సిగార్లకు మాత్రం ముందు నెల రోజుల విశ్రాంతి, ఆ తర్వాత ఐదేళ్ల 'ఏజింగ్'. ఆకులో మిగిలిన అమ్మోనియా పోవాలి, ఘాటు తగ్గాలి, రుచులు ఒకదాంట్లో ఒకటి కలవాలి. ఇందులో అబద్ధమేమీ లేదు. పెట్టెలో పెట్టాక కూడా పొగాకు మెల్లగా మారుతూనే ఉంటుంది. నా పేచీ అంతా ఐదేళ్లయ్యాక ఆయన చెప్పే మాటతోనే: "ఇంకో మూడేళ్లు ఆగితే ఎక్కడికో వెళ్లిపోతుందండీ."

ఎక్కడికీ వెళ్లదు. ఆ అల్మారాలోనే ఉంటుంది.

ఈలోపు మీకు పెట్టె చూపిస్తారు, అదీ తిరగేసి. 2000 నుంచి పెట్టె అడుగున నెల, సంవత్సరం స్పానిష్ పొట్టి అక్షరాల్లో వేస్తున్నారు. పక్కన ఫ్యాక్టరీ గుర్తు. అది ఏ ఫ్యాక్టరీయో ఈ సిగార్లు అమ్మే హబానోస్ కంపెనీ బయటికి చెప్పదు కాబట్టి, దాని మీద ఊహాగానాలు చెయ్యడం ఈ భక్తులకు నిత్యపూజ. కూతురి పుట్టినరోజు గుర్తుండటానికి ఫోన్‌లో అలారం పెట్టుకునే మనిషి, నిద్రలో లేపి అడిగినా "అది 2014 నవంబర్ పెట్టె" అని చెప్పేస్తాడు.

సిగార్ల అల్మారాలో తేమ 65 శాతం ఉండాలా, 69 ఉండాలా అన్నదాని మీద స్నేహాలు తెగిపోయిన ఇళ్లున్నాయి. తేమ కొలిచే మీటర్ నిజం చెబుతోందో లేదో తెలియాలంటే తడి ఉప్పుతో పాటు కవర్లో మూసి పెట్టాలి, 75 చూపించాలి. డిగ్రీలో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ ఎగ్గొట్టి సినిమాకి పోయినవాడు ఇప్పుడు రాత్రి పదకొండింటికి ఉప్పు తడుపుతూ కూర్చుంటాడు.

ఇక పురుగు సంగతి. పొగాకు పురుగు గుడ్లు ఆకులోనే దాక్కుని ఉండొచ్చు. వేడి పాతిక డిగ్రీలు దాటితే పొదిగి, పెట్టెకి పెట్టె తొలిచేస్తాయి. కాబట్టి కొత్త సిగార్లు వచ్చిన ప్రతిసారీ ఫ్రీజర్‌లోంచి చేపలు, ఐస్‌క్రీమూ బయటికి, ఇవి లోపలికి. ఇలా ఒక పెట్టె ఫ్రీజర్‌లో ఉండగానే మే నెల మిట్టమధ్యాహ్నం కోకాపేటలో కరెంటు పోయింది. ఆ ఇంట్లో ఇన్వర్టర్‌కి కలిపినవి రెండే రెండు: వైఫై, సిగార్ల అల్మారా. ఫ్రీజర్‌కి కూడా కలపనందుకు ఆయన పడ్డ పశ్చాత్తాపం చూడాలి! టార్చి పట్టుకుని ఇటు మీటర్ ముందుకీ అటు ఫ్రీజర్ ముందుకీ పరిగెత్తాడు. తలుపు మాత్రం తియ్యకూడదు, తీస్తే చల్లదనం పోతుంది. గదిలోంచి అమ్మగారు అడిగారు: "ఏరా అబ్బాయ్, నా ఫ్యాను తిరగట్లేదేంట్రా?" "ఒక్క నిమిషం ఆగమ్మా, ఇన్వర్టర్ మీదున్నా అల్మారా లోపల ఇరవై రెండు దాటింది!" అమ్మగారి గదిలో ముప్పై తొమ్మిది. అక్కడ మీటర్ లేదు. వెంటనే డాలస్‌లోని సాటి భక్తుడికి ఫోన్ చేశాడు. అక్కడ అర్ధరాత్రి దాటింది, అయినా ఒక్క రింగుకే ఎత్తాడు. వాళ్లింట్లో కూడా తేమ అలారం మోగిందట.

డాలస్ భక్తుడి బాధ వేరే. అమెరికాలో 1962 నుంచి క్యూబా సరుకు మీద నిషేధం. అధ్యక్షుడు కెనడీ ఆ నిషేధం మీద సంతకం పెట్టే ముందు తనకోసం 1,200 సిగార్లు తెప్పించుకున్నాడని, వాటిని కొనుక్కొచ్చిన ప్రెస్ సెక్రటరీయే తర్వాత చెప్పాడు. ఈ డాలస్ మనిషి టొరంటోలో కొని, ఉంగరం లాంటి కాగితం పట్టీలు ఊడదీసి, కోటు జేబులో పెట్టుకుని బోర్డర్ దాటుతాడు. ట్యాక్స్ ఫైలింగ్‌లో పది డాలర్లు తేడా వస్తే జ్వరం తెచ్చుకునే మనిషి!

ఇక్కడ కోకాపేటలో ఎప్పుడో ఒక సిగార్‌కి ముహూర్తం కుదురుతుంది. వెలిగించడానికి సెడార్ పుల్ల. తర్వాత మౌనం. తర్వాత వర్ణన. మొదటి మూడో వంతులో తడి మట్టి, తోలు. తర్వాతి మూడో వంతులో పశువుల కొట్టం. నేను కల్పించట్లేదు, వాళ్ల లోకంలో కొట్టం వాసన గొప్ప ప్రశంస. వాళ్ల తాతగారి ఊళ్లో నిజం కొట్టమే ఉండేది. చిన్నప్పుడు ఈయన ముక్కు మూసుకుని అటువైపు తొంగి కూడా చూసేవాడు కాదని అమ్మగారి వాంగ్మూలం.

"మేం పొగ లోపలికి పీల్చమండీ" అంటాడు, అక్కడితో ఆరోగ్యశాఖ నోరు మూసేసినట్టు. సిగార్ పొగకు క్షార గుణం ఎక్కువ, అందుకే నికోటిన్ నోటి పొరల్లోంచే ఒంట్లోకి దిగుతుంది. పెద్ద సిగార్ ఒకదాంట్లో ప్యాకెట్ సిగరెట్లంత పొగాకు ఉండొచ్చు. శ్రీకాకుళం వైపు చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మల అంగిలి క్యాన్సర్ల గురించి డాక్టర్లు దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. ఆ ముసలమ్మ కనబడితే మనవాడు జాలిపడతాడు: "అవేర్‌నెస్ లేదండీ, పాపం."

సరే, ఆయన నోరు ఆయనిష్టం. కానీ 2022 సెప్టెంబర్ 27న ఇయాన్ తుఫాను క్యూబా పశ్చిమాన పినార్ దెల్ రియో మీద విరుచుకుపడింది. ప్రపంచమంతా మొక్కే ఆ పొగాకు పండేది అక్కడే. ఆకు ఆరబెట్టే పాకలు వేలల్లో నేలమట్టమయ్యాయి. రైతుల ఇళ్ల కప్పులు లేచిపోయాయి. ఆ వార్త విని మన భక్తుడు అడిగిన మొదటి ప్రశ్న: "2023 పెట్టెల క్వాలిటీ మీద ఎఫెక్ట్ ఉంటుందంటారా?"

ఉంటుందయ్యా, ఉంటుంది! ఇల్లు పోయినవాడి చేతుల మీద కూడా ఉంటుంది. 2024 అక్టోబర్ 18న క్యూబాలో గ్రిడ్ కూలి దేశం దేశమే చీకట్లో పడింది. ఫ్రిజ్‌లో ఉన్న కాస్త మాంసం పాడైపోతుంటే జనం కట్టెల పొయ్యి మీద వండుకున్నారు. ఆ రాత్రి కోకాపేట అల్మారాలో 65 శాతం తేమ, పద్దెనిమిది డిగ్రీల చల్లదనం. చుట్టిన మనిషికి ఫ్యాను లేదు, చుట్టిన ఆకుకి ఇన్వర్టర్! ఆ ఏడాది అక్కడ సగటు ప్రభుత్వ జీతం నెలకి 6,000 పెసోల లోపు, బ్లాక్ మార్కెట్ మారకంలో ఇరవై డాలర్లు కూడా రావు. అవతల కోహీబా బ్రాండ్‌లో ఖరీదైన బెహీకే సిగార్ ఒక్కదాని ధర వంద డాలర్లు దాటి చాలాకాలమైంది. ఆ ఆకు అలిసిపోతుందని తెలిసిన మీకు, బల్ల ముందు కూర్చుని చుట్టే మనిషి అలిసిపోతాడని ఎవరూ చెప్పలేదా?

ఇయాన్ వచ్చిన ఏడాదే కోహీబా, ట్రినిడాడ్ అనే సిగార్ బ్రాండ్ల ధరల్ని ప్రపంచమంతా, ఎక్కువ ధరలుండే హాంకాంగ్ స్థాయికి పెంచేశారు. చాలాచోట్ల రెట్టింపు దాటాయి. సగం క్యూబా ప్రభుత్వానిదీ సగం విదేశీ పెట్టుబడిదారులదీ అయిన ఆ హబానోస్ కంపెనీ 2023లో 721 మిలియన్ డాలర్ల సరుకు అమ్మింది. మన భక్తుడికి మాత్రం కడుపు మండిపోయింది. ఆయన గొంతు పెంచడం ఎప్పుడూ వినలేదు గానీ, ఆ రోజు అల్మారా ముందు నిలబడి పిడికిలి బిగించాడు. "ఇది పచ్చి దోపిడీ అండీ! కష్టపడి పనిచేసుకునే మనిషంటే వీళ్లకి బొత్తిగా లెక్కలేదు."