భోపాల్ కేసు సంగతి కూడా చెప్పాల్సింది

బహుళజాతి కంపెనీ ఎక్కడ వ్యాపారం చేస్తే అక్కడి చట్టానికి లోబడాల్సిందేనని వ్యాసంలో రాశారు. మాట నిజమే. కానీ భోపాల్ గురించి ఒక్క ముక్క కూడా లేకపోవడం బాధనిపించింది. 1984 డిసెంబరులో విషవాయువు లీకైన ఆ కంపెనీలో అమెరికా యూనియన్ కార్బైడ్ వాటా 50.9 శాతం. మన ప్రభుత్వం న్యూయార్క్ కోర్టుకు వెళ్తే, ఇది భారత కోర్టుల్లో తేలాల్సిన కేసని 1986లో తిప్పి పంపారు. 1989లో ప్రభుత్వానికీ యూనియన్ కార్బైడ్‌కూ మధ్య 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. యూనియన్ కార్బైడ్ ఛైర్మన్ వారెన్ ఆండర్సన్‌ను అరెస్టు చేసిన రోజే బెయిలిచ్చారు. విమానమెక్కి వెళ్లిన మనిషి విచారణకు మళ్లీ రానే లేదు, 2014లో అమెరికాలోనే చనిపోయాడు. 2010లో శిక్ష పడింది ఇక్కడి కంపెనీ అధికారులకే, అదీ రెండేళ్లు!

మాది విశాఖ. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో కొరియా కంపెనీ ప్లాంటు నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు జనం పరిగెడుతూ పరిగెడుతూ రోడ్డు మీదే కుప్పకూలారు. ఆ వీడియోలు చూస్తుంటే చేతులు వణికాయి. పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ మర్నాడే కంపెనీని 50 కోట్లు డిపాజిట్ చేయమంది, అంతవరకు నయమే. కానీ ప్రమాదం జరిగాక కాదు, "ఇక్కడి కంపెనీ వేరు, మేం వేరు" అని మాతృసంస్థ తప్పుకోకుండా అనుమతులిచ్చే రోజే పూచీ రాయించుకోవాలి.