తలుపు వెనక నోటీసు గారికి

మహారాజశ్రీ మూడో అంతస్తు గోడ నోటీసు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మీ క్షేమం వేరే అడగాల్సిన పని లేదు. ఏడేళ్లుగా మీకు ఎండ తగలలేదు, వాన తగలలేదు, ఎవరి కన్నూ తగలలేదు. దిష్టి పడని చోటు వెతికి మరీ మిమ్మల్ని బిగించినవాడి ముందుచూపుకు దండం పెట్టాలి. టీ గది తలుపు వెనక గోడ! ఉదయం తొమ్మిదింటికి తలుపు బార్లా తీస్తారు, మీరు దాని చాటుకు వెళ్లిపోతారు. రాత్రి అందరూ ఇళ్లకు చేరాక వాచ్‌మన్ తలుపు మూస్తాడు, అప్పుడు మీ దర్శనం. గుళ్లో దేవుడికైనా పవళింపు సేవతో దర్శనాలు ఆగిపోతాయి. మీకు అప్పుడే మొదలవుతాయి.

మన పరిచయం జరిగిన తీరు మీకు గుర్తుండే ఉంటుంది. నా పెన్ను మూత దొర్లుకుంటూ తలుపు వెనక్కి పోతే వంగాను. లేవబోతుంటే మీ చట్రం అంచు ఠంగున నెత్తికి తగిలింది. పదకొండేళ్ల ఉద్యోగంలో చట్టం నాకు తగలడం అదే మొదటిసారి. ఫోను వెలుతురులో మిమ్మల్ని పైనుంచి కింది దాకా చదివాను. ‘పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల (నివారణ, నిషేధం, పరిష్కారం) చట్టం, 2013’ అని మీ నుదుటి రాత. ఆ తర్వాత అంతా ఇంగ్లీషు, చీమల బారు లాంటి అక్షరాలు. మా అంతస్తు ఊడ్చే ఆమెకు, క్యాబ్ డ్రైవర్లకు, అటెండర్లకు మీరు ఇంగ్లీషులో భరోసా ఇస్తున్నారు. సంతోషం.

ఆ చట్టం 19వ సెక్షన్ యజమాని చేయాల్సిన పనుల జాబితా చెబుతుంది. వేధిస్తే పడే శిక్షలేమిటో, ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీలో ఎవరున్నారో అందరికీ ప్రముఖంగా కనిపించే చోట పెట్టాలన్నది అందులో ఒకటి. ఇదే మాట మా హెచ్ఆర్ అధికారిని అడిగాను. ఆయన చాలా ఓపికమంతుడు. “పెట్టామా లేదా అన్నదే ప్రశ్న మేడమ్. తనిఖీకి ఎవరైనా వస్తే తలుపు మూసి చూపిస్తాం” అన్నారు.

అంటే మీరు మా కోసం కాదన్నమాట. ఇన్నాళ్లూ మిమ్మల్ని చూడలేదని బాధపడ్డాను. పెళ్లికి పిలవని ఇంటి భోజనం గురించి బెంగ పెట్టుకోవడం లాంటిదే అది.

మీ వంశం మాత్రం చిన్నది కాదు. మన తెలుగువాళ్లలో చాలామంది ‘విశాఖ మార్గదర్శకాలు’ అనగానే ఏ విశాఖపట్నంలోనో జరిగిన కేసనుకుంటారు. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను. విశాఖ అన్నది రాజస్థాన్‌లోని ఒక మహిళా సంస్థ పేరు. ఆ రాష్ట్రంలోనే భటేరీ అనే పల్లెలో భన్వరీ దేవి ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో ‘సాథిన్’గా, అంటే పల్లె కార్యకర్తగా, పనిచేసేది. ఏడాదైనా నిండని పసిబిడ్డకు పెళ్లి చేస్తుంటే ఆపబోయింది. అది ఆమె ఉద్యోగం. ఆ కక్షతో 1992లో ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. 1995లో కింది కోర్టు నిందితులను అత్యాచారం అభియోగం నుంచి విడిచిపెట్టింది. డ్యూటీ చేసినందుకు ఈ గతి పడితే, ఆ డ్యూటీ చేయించుకున్నవాళ్ల బాధ్యత ఏమిటని విశాఖతో పాటు మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1997 ఆగస్టు 13న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం పనిచోట లైంగిక వేధింపులను ఆపడానికి మార్గదర్శకాలు ఇచ్చి, పార్లమెంటు చట్టం చేసేదాకా ఇవే చట్టమంది. పార్లమెంటుకు తీరిక దొరకడానికి పదహారేళ్లు పట్టింది. 2013 డిసెంబరు 9న చట్టం అమల్లోకి వచ్చింది. అంత నడక నడిచి వచ్చినవారు మీరు. మా దగ్గరకొచ్చేసరికి చీపురు పక్కన నిలబడ్డారు.

మీ మూడో పేరా చదివి నేను చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. ఇష్టం లేని స్పర్శ, లైంగిక కోరికలు తీర్చమని అడగడం, ఆ అర్థం వచ్చే మాటలు, అశ్లీల చిత్రాలు చూపించడం, నోటితో కానీ సైగతో కానీ అదే ధోరణిలో చేసే మరే పనైనా వేధింపేనట. ‘ఇష్టం లేని’ అన్న మాట దగ్గర ఆగాను. మా దగ్గర ఎవరైనా ఏదైనా అంటే, అన్నవాడి ఉద్దేశం ఏమిటని అందరూ ఆరా తీస్తారు. ‘ఆయన మనసు మంచిది’, ‘ఆయన అందరితో అలాగే ఉంటాడు’, ‘సరదా మనిషి’. మీరు మాత్రం విన్న ఆడమనిషి ఇష్టం అడుగుతున్నారు! నెలకోసారి మీటింగులో పెద్దసారు నా చీర రంగు మీద కవిత్వం చెబుతుంటే పదిమందీ నవ్వేవారు. పదకొండో నవ్వు నాది. ఆ నవ్వు నేను ఇష్టపడి నవ్వింది కాదని నాకు తెలుసు, ఇప్పుడు మీకూ తెలుసు.

నాలుగో పేరా ఇంకా గడుసుది. ‘మాట వింటే ప్రమోషన్’ అన్న ఆశ, ‘వినకపోతే ఉద్యోగం’ అన్న బెదిరింపు, పనికి అడ్డుపడటం, భయపెట్టే వాతావరణం సృష్టించడం, ఆరోగ్యానికి దెబ్బ తగిలేలా అవమానించడం, ఇవి లైంగిక ప్రవర్తనతో ముడిపడితే అదీ వేధింపే కావచ్చంటున్నారు. చోటు విషయంలోనూ మీకు పట్టింపు తక్కువే. పని మీద ఎక్కడికి వెళ్లినా అది పని ప్రదేశమే. ఆఫీసు ఏర్పాటు చేసిన బండి కూడా. ఈ ఒక్క వాక్యం మా క్యాబ్ వెనక సీటుకు అతికించి ఉంటే మా రాత్రి షిఫ్టు పిల్లలు కొందరు ఎంత ధైర్యంగా ప్రయాణం చేసేవారో.

ఇక్కడ మీతో ఒక లెక్క తేల్చుకోవాలి. అసలు ఈ ఉత్తరం రాసింది అందుకే.

నా పక్క సీట్లో ఒక అమ్మాయి ఉండేది. నన్ను అక్కా అని పిలిచేది. తన పైఅధికారి రాత్రుళ్లు పంపే సందేశాలు చూసి చూసి, చివరికి అతను వేరే ఊరికి బదిలీ అయ్యాక ఊపిరి పీల్చుకుంది. మనసు కూడదీసుకుని నోరు విప్పడానికి మరో ఎనిమిది నెలలు పట్టింది. నేనే తీసుకెళ్లాను హెచ్ఆర్ దగ్గరకు. ఆ ఓపికమంతుడే క్యాలెండరు తిరగేసి, “అయ్యో, గడువు దాటిపోయిందమ్మా” అన్నారు. నిజమే. ఘటన జరిగిన మూడు నెలల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఒకటికి రెండుసార్లు జరిగితే చివరిదాని నుంచి లెక్క. ఆలోపు ఇవ్వలేని పరిస్థితి ఉందని నమ్మితే, కారణాలు రాసిపెట్టి, కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. ఆ అమ్మాయికి ఆ ఆరూ దాటాయి. ఆర్నెల్లూ ఆ గడువు సంగతి అక్షరాలా ఆమె టీ కలుపుకునే చోటికి మూడడుగుల దూరంలో, తలుపు చాటున ఉంది. మీరు చేసిన తప్పు కాదులెండి. గోడకు కాళ్లుండవు. కానీ ఆమె రాజీనామా ఇచ్చి వెళ్లేరోజు టీ గదిలోనే వీడ్కోలు చెప్పాం. తలుపు తెరిచే ఉంది. ఆ చాటు నుంచి మీరు అంతా వినే ఉంటారు.

ఆ హెచ్ఆర్ ఆయన ఆమెకు చెప్పనివి ఇంకా ఉన్నాయి, మీలోనూ లేవు. పోలీసుల దగ్గరకు వెళ్లడానికి ఈ మూడు నెలల గడువు వర్తించదు. లైంగిక వేధింపు వేరుగా నేరమే. ఒకప్పుడు ఐపీసీ 354ఎ, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 75వ సెక్షన్. ఆమె కేసు పెట్టాలనుకుంటే యజమాని సాయపడాలని కూడా మీ తల్లి చట్టం చెబుతోంది. సాయం సంగతి దేవుడెరుగు, “ఇంకా పెళ్లి కావాల్సిన పిల్ల, ఎందుకమ్మా ఈ గొడవ” అని ఒక తండ్రిలాంటి సలహా మాత్రం ఉచితంగా దొరికింది.

ఇక మీ అడుగున ఎర్ర అక్షరాల్లో ఉన్న చివరి పేరా. మిగతాదంతా చీమలైతే ఇది ఏనుగు. ‘తప్పుడు ఫిర్యాదు చేసినవారిపై కఠిన చర్యలు’. అబ్బ, ఎంత శ్రద్ధ! 14వ సెక్షన్ నుంచి తెచ్చారు, సరే. కానీ అదే సెక్షన్‌లో దాని వెన్నంటే ఇంకో మాట ఉంది. ఫిర్యాదును రుజువు చేయలేకపోయినంత మాత్రాన, తగిన ఆధారం చూపలేకపోయినంత మాత్రాన చర్య తీసుకోకూడదు. దురుద్దేశం ఉందని విచారణలో తేలాలి. ఆ వాక్యం మీదాకా రాకుండా ఎక్కడ జారిపోయింది? ప్రింటింగు ప్రెస్సులోనా? సగం సెక్షన్ అతికించడం చేతనైనవాళ్లు మిగతా సగం చోటు చాలక వదిలేశారనుకోవడానికి వీల్లేదు. ఆ ఎర్ర అక్షరాల కింద జానెడు ఖాళీ ఉంది, ఒక పువ్వు బొమ్మ కూడా వేశారు.

మీ నోట వినని మరికొన్ని నేనే వెతుక్కున్నాను. ఫిర్యాదు రాయలేకపోతే రాయడానికి కమిటీయే సాయపడాలి. విచారణ సాగుతుండగా బాధితురాలు కోరితే ఆమెను కానీ అవతలివాడిని కానీ వేరే చోటికి మార్చమనవచ్చు, మూడు నెలల వరకు అదనపు సెలవు ఇప్పించవచ్చు. (మా దగ్గర మార్పు ఎప్పుడూ ఆమెకే. అవతలివాడి కుర్చీ బరువెక్కువ కాబోలు.) తొంభై రోజుల్లో విచారణ ముగించాలి, పది రోజుల్లో నివేదిక, అరవై రోజుల్లో చర్య. రాజీ కుదర్చాలంటే ముందు ఆమె అడగాలి, డబ్బు చేతిలో పెట్టి రాజీ అనకూడదు. ఫిర్యాదుదారు పేరు బయటపెట్టకూడదు. ఈ చివరిదాన్ని మా ఆఫీసు తుచ తప్పక పాటిస్తుంది. ఫలానావిడ ఫిర్యాదు చేసిందని మధ్యాహ్నం భోజనాల వేళకు అందరికీ తెలిసిపోతుంది, అది రహస్యమన్న సంగతితో సహా.

ఇవన్నీ మీరి, కమిటీనే వేయని యజమానికి జరిమానా ఎంతో చూశాను. యాభై వేల రూపాయల వరకు. మొన్న వార్షికోత్సవంలో వేదిక పూల బిల్లు అంతకన్నా ఎక్కువే వచ్చిందని విన్నాను. రెండోసారి దొరికితే రెట్టింపు, లైసెన్సు కూడా పోవచ్చట. అందుకే కాబోలు మొదటిసారే దొరకకుండా మిమ్మల్ని తగిలించారు.

మీ చేతకానివి కూడా చెప్పాలి, లేకపోతే పొగడ్త అవుతుంది. మా అటెండరు కుర్రాణ్ణి మేనేజరు రోజూ పదిమందిలో గాడిదా అని పిలుస్తాడు. అది మీ పరిధిలోకి రాదు. మీరు ఆడవాళ్లపై లైంగిక వేధింపు వరకే. కులం పేరుతో తిడితే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఉత్త అరుపులకు, ఉత్త అవమానానికి మాత్రం వాడు ఏ గోడకేసి చూడాలి? 2019లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 190వ ఒప్పందం తెచ్చి, పనిచోట హింసనూ వేధింపులనూ ఆడామగా తేడా లేకుండా ఒకే గొడుగు కిందకు చేర్చింది. ఆ గొడుగు మా మూడో అంతస్తుకు ఇంకా రాలేదు. చిన్న దుకాణాల్లో, పదిమంది కన్నా తక్కువ ఉన్న చోట్ల, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు మీలాంటి నోటీసు కూడా లేదు. వాళ్ల కోసం, యజమాని మీదే ఫిర్యాదున్నవాళ్ల కోసం జిల్లాకో స్థానిక కమిటీ ఉండాలి. దాని చిరునామా మీమీద ఒక మూల రాసినా, మా ఊడ్చే ఆమె తన కూతురికి చెప్పుకునేది.

నా కోరిక ఒక్కటే. మీరు కాస్త చోటు మారాలి. వేలిముద్ర యంత్రం పక్క గోడ ఖాళీగా ఉంది. రోజూ రెండు పూటలా అందరం అక్కడ వేలు పెట్టి నిలబడతాం, అది మా వేలిని గుర్తుపట్టేదాకా. చదవడానికి బోలెడంత సమయం. ఈసారి తెలుగులో రండి. పువ్వు బొమ్మ అక్కర్లేదు, 14వ సెక్షన్ రెండో సగం తెచ్చుకోండి. మిమ్మల్ని మోసుకురావడానికి నేను సిద్ధం. స్క్రూడ్రైవరు నా సొరుగులోనే ఉంది. ఆఫీసు ఆస్తిని కదిలించానని నా మీద విచారణ వేస్తే వేయనివ్వండి, దానికైనా కమిటీ ఒకటి కూర్చుంటుంది.

ఇట్లు,
కిటికీ పక్క మూడో కుర్చీ

తా.క.: మీ కమిటీ సభ్యుల జాబితా కూడా సరిచూశాను. సభ్యుల పదవీకాలం మూడేళ్లకు మించకూడదని చట్టం. మీరు ఏడేళ్లుగా అవే పేర్లు మోస్తున్నారు. అధ్యక్షురాలు బదిలీ అయ్యి నాలుగేళ్లయింది. బయటి సభ్యుడిగా ఉన్న స్వచ్ఛంద సంస్థ ఆయన మా డైరెక్టరు గారి బావమరిది. మూడో పేరుకు ఎదురుగా ఉన్న ఫోను నంబరుకు చేశాను. ఆయన రిటైరయ్యారట. మనవడు ఎత్తాడు, “తాతయ్య పడుకున్నారండీ, ఏమైనా చెప్పాలా?” అని అడిగాడు. మా ఆఫీసులో ఏడేళ్లలో ఎవరూ అంత మర్యాదగా ఆ ప్రశ్న అడగలేదు.