మా ఇంటి తాళం ఖరీదు

కర్నూలు పాతబస్తీలో ఉన్న మా ఇంటికి తాళం ఉంది. ఈ సంగతి నాకు ఈ మధ్యే తెలిసింది. తెలియజేసినవారు కరెంటు ఆఫీసువారు. ఫిబ్రవరి బిల్లు మీద ‘డోర్ లాక్’ అని వచ్చింది. మార్చిలోనూ అదే. ఏప్రిల్, మే నెలల్లోనూ అదే. బిల్లు కొట్టే చేతి మిషను నాలుగు నెలలపాటు ఒకే మాట మీద నిలబడితే, ఇల్లు మాది కాబట్టి తాళం సంగతి మాకే బాగా తెలుసనుకోవడం ఒట్టి అహంకారం.

నాకు గుర్తున్నంతలో ఈ ఇంటికి చివరిసారి తాళం వేసింది 2009 అక్టోబరులో. తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీదికి వచ్చిన రోజు. అమ్మ తలుపు మూసి, తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, తాళంచెవి కొంగున ముడేసుకుని మేడ ఉన్నవాళ్ళ ఇంటికి నడిచింది. వరద నీళ్ళు తాళాన్ని లెక్కచేయవని తిరిగొచ్చాక తెలిసింది. తలుపు రెక్క ఒకటి వీధి చివర బురదలో దొరికింది. తాళం దొరకలేదు. చెవి మాత్రం ఇప్పటికీ దేవుడి గూట్లో, విబూది డబ్బా పక్కన ఉంది. కొత్త తలుపు పెట్టించాం గానీ మళ్ళీ తాళం కొనలేదు. అమ్మ ఇల్లు కదిలితే కదా, తాళం అవసరం పడేది!

అమ్మకు డెబ్బయ్యెనిమిదేళ్ళు. పొద్దున ఆరింటికి అరుగు మీద కూర్చుంటే మధ్యలో తిండికి లేస్తుంది, మళ్ళీ కూర్చుంటుంది. పాలవాడు, కూరగాయల బండి, వీధిలో ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం లేదన్నది, అన్నీ ఆమె లెక్కలో ఉంటాయి. ఆమె వీపు ఆన్చుకునే గోడకే, తలకు సరిగ్గా రెండడుగుల పైన, మా మీటరు. మీటరు చూడాలంటే ముందు అమ్మను చూడక తప్పదు.

“రీడింగు తీసే అబ్బాయి రాలేదా అమ్మా?” అని అడిగితే, “రాకేం, నెలనెలా వస్తాడు. ఎదురింటి వేపచెట్టు కింద కూర్చుని ఆ మిషను నొక్కుకుంటాడు. పాపం ఎండలో వచ్చినాడని మజ్జిగ కూడా ఇచ్చినా” అంది. అంటే తాళం వేసిన ఇంట్లోంచి మజ్జిగ వచ్చింది. ఆ అబ్బాయి తాగాడు. గ్లాసు కూడా తిరిగిచ్చాడట.

అతని మీద నాకు కోపం లేదు. కాంట్రాక్టరు దగ్గర బిల్లుకింతని లెక్క. కర్నూలు ఏప్రిల్ ఎండలో వీధులు వీధులు తిరిగి, మేకు ఊడిన మీటరు పెట్టెల్లోకి తొంగి చూసి, కుక్కల్ని తప్పించుకుని అంకెలు రాసుకొమ్మంటే, వేపచెట్టు నీడలో ఎవరికైనా తాళాలు కనిపిస్తాయి.

తలుపు తాళం అని నొక్కితే మిషను పాత నెలల సరాసరి తీసి బిల్లు ఇస్తుంది. మా పాత నెలలు చలికాలపువి. నవంబరు నుంచి జనవరి దాకా ఫ్యాను కూడా సరిగ్గా వేసుకోని మనుషులం. అందుకని సరాసరి 90 యూనిట్లు తేలింది. ఆ చలికాలాన్నే ఫిబ్రవరి నుంచి మే దాకా పొడిగించారు. నెలకు మూడు వందల చిల్లర బిల్లు. కర్నూలులో మే నెలను చల్లబరచడం తుంగభద్ర వల్ల కాలేదు, కొండారెడ్డి బురుజు నీడ వల్ల కాలేదు, ఒక చిన్న చేతి మిషను వల్ల అయింది.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. మా కూలరు 200 వాట్లది. రోజుకు పన్నెండు గంటలు తిరిగితే అదొక్కటే నెలకు 72 యూనిట్లు తాగుతుంది. ఫ్రిజ్జు, మోటారు, మూడు ఫ్యాన్లు దాని తర్వాత లెక్క. ఇంతా కలిపి 90 ఎలా అవుతుందని నేను ఒక్కసారైనా అనుమానించాలి. అనుమానించలేదు. పైగా ఆఫీసులో కరెంటు పొదుపు మీద ఉపన్యాసం ఇచ్చాను. “కొత్త ఫ్యాన్లు మార్చినాను, బిల్లు చూడండి” అని జేబులోంచి కాగితం తీసి చూపించాను. నా మాట నమ్మి ఇద్దరు ఫ్యాన్లు కూడా మార్చారు. వాళ్ళతో ఇప్పుడు మాటలు తక్కువ.

జూన్‌లో వేపచెట్టు కొమ్మలు కొట్టేశారు. నీడ పోయింది. అబ్బాయి అరుగెక్కి, అమ్మ తల మీదుగా మీటరు చూశాడు. చూసి మిషనులో అంకె వేశాడు. బయటికొచ్చిన కాగితం మీద 750 యూనిట్లు, ఆరు వేల నాలుగు వందల చిల్లర.

నిజానికి అయిదు నెలలకూ కలిపి మేము వాడింది 1,110 యూనిట్లు. మీటరు అబద్ధం చెప్పలేదు, చెప్పిందని నేనూ అనను. అందులో సరాసరి పేరుతో నాలుగు తొంభైలు, అంటే 360కి, డబ్బు కట్టేశాం. మిగిలింది 750. ఇంతవరకూ లెక్క ఒకటో తరగతి పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. ఆ తర్వాత శ్లాబులు మొదలవుతాయి.

మన రాష్ట్రంలో 2022లో పెట్టిన శ్లాబుల ప్రకారం ఇంటి కరెంటుకు మొదటి 30 యూనిట్లు రూపాయి తొంభై పైసలు. 75 దాకా మూడు రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా ఆరు, 400 దాకా ఎనిమిది రూపాయల డెబ్బయ్యయిదు పైసలు. 400 దాటితే ప్రతి యూనిట్టూ తొమ్మిది రూపాయల డెబ్బయ్యయిదు పైసలు. మెట్లెక్కే కొద్దీ ఆయాసం. 1,110 యూనిట్లను అయిదు నెలలకు సమంగా పంచితే నెలకు 222. అంటే మేము ఆరు రూపాయల మెట్టు మీదే ఆగే సంసారులం. కానీ 750 యూనిట్లూ జూన్‌లోనే వాడినట్టు లెక్కేసరికి, అందులో 350 యూనిట్లు పై మెట్టు మీద, కోటీశ్వరుల ఏసీల పక్కన కూర్చున్నాయి. ఏప్రిల్‌లో తిరిగిన ఫ్యాను గాలికి జూన్‌లో పెద్దింటి రేటు.

కాగితం, పెన్సిల్ తీసుకుని కూర్చున్నాను. సమంగా పంచితే, కట్టినవి పోగా యూనిట్ల కింద ఇంకా ఇవ్వాల్సింది 3,957 రూపాయలు. బిల్లులో యూనిట్ల కింద వేసింది 5,960 రూపాయల 75 పైసలు. ఫిక్స్‌డ్ ఛార్జీ, సుంకం, పాత ఖర్చుల తేడాను ఇప్పుడు రాబట్టే ట్రూ అప్పు లాంటి బంధువుల్ని పక్కన పెట్టినా తేడా 2,003 రూపాయల 75 పైసలు. మేము అదనంగా వాడిన కరెంటు ఒక్క యూనిట్టు కూడా లేదు కాబట్టి, ఈ సొమ్ము కరెంటుకు కాదు. మరి దేనికి? బిల్లులో ఇంకొక వస్తువు పేరు ఒక్కటే ఉంది. తాళం.

ఈ విషయం తేల్చుకోవడానికి కరెంటు ఆఫీసుకు వెళ్ళాను. ఆలంపురం గుడికి రాళ్ళు తోలే బండ్లు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన రాసుకునేవట, అందుకే ఈ ఊరు కందనవోలు, పోనుపోను కర్నూలు అయిందని అంటారు. ఏదైనా కదలాలంటే కందెన కావాలని ఈ ఊరికి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. నేను మాత్రం జిరాక్సులు తీసుకెళ్ళాను.

“మీ ఇంటికి తాళం ఉంది సార్” అన్నారు కౌంటర్లో మేడమ్.

“మా ఇంటికి అసలు తాళమే లేదు మేడమ్.”

“సిస్టమ్‌లో ఉంది సార్. లేదనడానికి ప్రూఫ్ ఏమైనా ఉందా?”

ఉన్న తాళానికి ఫొటో తీయొచ్చు. లేని తాళానికి ఫొటో తీస్తే తలుపు ఒక్కటే పడుతుంది. అదే చూపించాను. “ఇది ఈరోజు తీసింది కదా, ఫిబ్రవరిది కావాలి” అన్నారు. న్యాయమే. ఫిబ్రవరిలో మా తలుపుకు తాళం లేకపోవడాన్ని నేను ఫొటో తీసి దాచుకోలేదు. అలాంటి ముందుచూపు లేకనే ఈ దేశంలో సామాన్యుడు ఇలా ఉన్నాడు. మజ్జిగ గ్లాసు సంగతి చెబుదామనుకున్నాను గానీ, దానికీ రసీదు లేదు.

లోపలి గదిలో సారు మంచివారు. కుర్చీ చూపించారు. “ముందు కట్టేయండి, తేడా ఉంటే తర్వాతి బిల్లుల్లో సర్దుతాం. కట్టకపోతే ఫ్యూజు పీకేస్తారు, వాళ్ళకు ఈ తాళం గొడవ తెలీదు” అన్నారు. ఒకటి గమనించాను. ఫ్యూజు పీకడానికి వచ్చే మనిషికి ఏ ఇంటికీ తాళం కనపడదు. కట్టేశాను.

కట్టాక రూల్సు చదివాను. మనవాళ్ళ పద్ధతే అది. 2020 డిసెంబరులో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు తెచ్చింది. ఒక ఆర్థిక సంవత్సరంలో రెండుకు మించి అంచనా బిల్లులు ఇవ్వకూడదట. రీడింగు వరసగా రెండుసార్లు అందకపోతే మనమే మీటరు ఫొటో తీసి పంపొచ్చట. అంచనా బిల్లులు వరసగా రెండు దాటితే, అసలు రీడింగు తీసి బిల్లు ఇచ్చేదాకా డబ్బు కట్టనని కూడా అనొచ్చట. నేను ఏప్రిల్‌లోనే అనాల్సిన మాట! అప్పుడు నేను పొదుపు మీద ఉపన్యాసం ఇస్తున్నాను.

వాళ్ళ చేతివాటాన్ని కూడా మెచ్చుకోవాలి. ఫిబ్రవరి, మార్చి పాత ఆర్థిక సంవత్సరంలోకి పోయాయి. ఏప్రిల్, మే కొత్త సంవత్సరంలోకి వచ్చాయి. అటు రెండు, ఇటు రెండు. ఉగాది పచ్చడి కూడా ఇంత సమంగా ఎవరూ పంచరు.

ఊరు దాటి నంద్యాల వైపు పోతే గని, శకునాల అనే ఊళ్ళ దగ్గర దాదాపు ఆరు వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు. యూనిట్టు ధర తేల్చే నియంత్రణ మండలి ఆఫీసు 2023లో హైదరాబాదు నుంచి మా ఊరికే వచ్చింది. కరెంటు పుట్టేదీ ఇక్కడే, రేటు పుట్టేదీ ఇక్కడే. రీడింగు ఒక్కటే వేపచెట్టు కింద పుట్టింది.

2003 విద్యుత్ చట్టం 42వ సెక్షన్ కింద ఫిర్యాదులకు వేదిక ఒకటి ఉంది. అక్కడా కాకపోతే పైన ఫిర్యాదులు వినే అధికారి, అంబుడ్స్‌మన్. నిన్న రాత్రి అర్జీ రాయడానికి కూర్చున్నాను. నా కోరిక చాలా చిన్నది. మా ఇంటి తాళం నిమిత్తం 2,003 రూపాయల 75 పైసలు ముట్టినందున, ఆ సొమ్మయినా తిరిగి ఇప్పించాలి, లేదా సదరు తాళమయినా మాకు అప్పగించాలి. అంత ధర పెట్టామంటే మంచి ఏడు లీవర్ల తాళమే అయి ఉంటుంది.

రాసింది అమ్మకు చదివి వినిపించాను. అంతా విని, లేచి, దేవుడి గూడు దగ్గరికి వెళ్ళి, విబూది డబ్బా పక్కన చెయ్యి పెట్టి తుప్పు పట్టిన చెవి తెచ్చి నా చేతిలో పెట్టింది.

“వరదల్లో పోయిన మన తాళం వాళ్ళకే దొరికినట్టుంది. పోయేటప్పుడు ఇది తీసుకపో, పట్టుద్దేమో చూడు.”