నాయిస్‌కు మందు బోర్డు మీద కాదు, కాంటాక్టర్ దగ్గర వేయాలి

మిర్యాలగూడ రైస్ మిల్లులకు ప్యానెళ్లు కట్టేవాళ్ల ఫోన్లలో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. డ్రైయర్, ధాన్యం ఎత్తే ఎలివేటర్ కంట్రోలర్ బోర్డులు ఊరికే రీసెట్ అవుతుంటే నాలుగు పనులు చేయమంటుంది: 5 వోల్టుల సప్లై మీద 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఇన్‌పుట్లకు ఆప్టోకప్లర్ (వెలుగుతో సిగ్నల్ దాటించి రెండు వైపులనూ విడదీసే చిప్), బోర్డుకు విడిగా ఎర్త్ రాడ్, ప్రోగ్రాంలో వాచ్‌డాగ్ (ప్రోగ్రాం ఇరుక్కుంటే చిప్‌ను రీసెట్ చేసే టైమర్). అంతే, నాయిస్ (వైర్లలో చొరబడి బోర్డును తికమకపెట్టే కరెంటు అలజడి) ఖతమట. నాయిస్ పుట్టే చోటు గురించి మాత్రం అందులో ఒక్క ముక్క లేదు.

కెపాసిటర్ సంగతి. సప్లై నెమ్మదిగా కుంగితే 1000 మైక్రోఫారడ్ ఆదుకుంటుంది. కాంటాక్టర్ (మోటరును ఆన్, ఆఫ్ చేసే పెద్ద రిలే) కాయిల్ ఆఫ్ అయినప్పుడు వచ్చే స్పైక్, అంటే ఒక్కసారిగా ఎగసే వోల్టేజీ, నానోసెకన్లలో లేస్తుంది. ఆ వేగానికి ఇలాంటి పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఇండక్టర్ (తీగచుట్ట) లాగే ఉంటుంది, స్పైక్‌ను మింగలేదు. చిప్‌కున్న ప్రతి విసిసి (సప్లై), గ్రౌండ్ పిన్నుల జతకూ 100 నానోఫారడ్ సిరామిక్ పడాలి, అదీ పిన్నులకు ఆనుకుని. ఏటీమెగా రకం మైక్రోకంట్రోలర్ చిప్‌ల రీసెట్ పిన్‌కు లోపల 5 వోల్టుల వైపు రక్షణ డయోడ్ ఉండదు. అందుకే అక్కడ 10 కిలోఓమ్ పుల్‌అప్ (పిన్‌ను 5 వోల్టులకు లాగి ఉంచే రెసిస్టర్), గ్రౌండ్‌కు 100 నానోఫారడ్, 5 వోల్టుల వైపు 1ఎన్4148 డయోడ్ ఉండాలి. ఆర్డ్వినో బోర్డు అయితే ప్రోగ్రాం ఎక్కించాకే ఆ కెపాసిటర్ అతికించండి, లేకపోతే ఆటో రీసెట్ మొండికేస్తుంది.

అసలు మందు కాయిల్ మీద. 230 వోల్టుల ఏసీ కాయిల్ ఎ1, ఎ2 టెర్మినళ్ల మధ్యనే 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 (మెయిన్స్ మీద వాడే రకం) కెపాసిటర్, 100 ఓమ్ 1 వాట్ రెసిస్టర్ సిరీస్‌లో బిగించండి, ఈ జతనే స్నబ్బర్ అంటారు. 24 వోల్టుల డీసీ రిలేకు 1ఎన్4007 రివర్స్‌లో చాలు. ఆ డయోడ్‌నే ఏసీ కాయిల్‌కు వేస్తే సగం సైకిల్ షార్టే. ఈ స్నబ్బర్‌ను కాయిల్ మీద కాకుండా కాయిల్‌ను ఆడించే రిలే కాంటాక్ట్ మీద వేసేవాళ్లూ ఉన్నారు. అప్పుడు కాంటాక్ట్ తెరిచినా దాని గుండా 7 మిల్లీఆంపుల దాకా కారుతుంది, చిన్న కాయిల్ అయితే వదలకుండా పట్టుకునే ఉంటుంది.

ఆప్టోకప్లర్ మంచిదే. కానీ దాని ఎల్ఈడీ వైపు కూడా బోర్డు 5 వోల్టులే, బోర్డు గ్రౌండే ఇస్తే అది పెట్టీ పెట్టనట్టే. ఫీల్డ్ వైపు విడిగా 24 వోల్టుల సప్లై, 2.2 కిలోఓమ్ రెసిస్టర్ ఇవ్వండి. 10 మిల్లీఆంపులు నడుస్తాయి. రెండు గ్రౌండ్లు ఎక్కడా కలవకూడదు.

మెసేజ్‌లో అన్నిటికంటే ప్రమాదం విడి ఎర్త్ రాడ్. పిడుగు పడినా, ఫేజు బాడీకి తగిలినా ప్యానెల్ ఎర్త్‌కూ ఈ రాడ్‌కూ మధ్య పుట్టే వోల్టేజీ అంతా బోర్డు మీదే పడుతుంది. ఎర్తింగ్‌పై భారత ప్రమాణం ఐఎస్ 3043 కూడా ఎర్త్‌లన్నీ కలపమనే అంటుంది. పైగా నల్లగొండ, దేవరకొండ వైపు బండనేలలో ఎండాకాలం రాడ్ రెసిస్టెన్స్ బాగా పెరుగుతుంది. అది బాగున్నా లాభం లేదు. మీటరు వైరుకు సుమారు 1 మైక్రోహెన్రీ ఇండక్టెన్స్, అంటే వేగంగా లేచే నాయిస్ ఉండే 10 మెగాహెర్ట్‌జ్ దగ్గర 63 ఓములు. అయిదు మీటర్ల వైరుకు 300 ఓములు దాటింది, ఇక నాయిస్ ఎటు దిగుతుంది? ప్యానెల్ ప్లేటు మీద పెయింట్ గీకి, బోర్డు ఎర్త్‌ను పొట్టి వెడల్పు జడ తీగతో దానికే బిగించండి.

వాచ్‌డాగ్ రోగాన్ని దాచిపెడుతుంది. ఉండాలి, కానీ రీసెట్ అయిన క్షణంలో పిన్నులు గాలిలో ఉంటాయి కాబట్టి మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) గేట్లకు 10 కిలోఓమ్ పుల్‌డౌన్ (గ్రౌండ్‌కు లాగి ఉంచే రెసిస్టర్) తప్పదు. ఎలివేటర్ బకెట్‌లో ఇరుక్కున్న ధాన్యం తీస్తున్న మనిషి చేయి లోపల ఉండగా మోటరు దానంతటదే లేవకూడదు. స్టార్ట్ బటన్ నొక్కేదాకా ప్రోగ్రాం ఆగాలి.

డ్రైవ్ (వీఎఫ్‌డీ, మోటరు వేగం మార్చే పరికరం) ఉంటే మోటరు కేబుల్‌నూ సెన్సర్ వైర్లనూ 30 సెంటీమీటర్లు ఎడం పెట్టండి. దాటాల్సివస్తే 90 డిగ్రీల కోణంలో అడ్డంగా దాటించండి. మోటరు కేబుల్ షీల్డ్‌ను రెండు చివరలా క్లాంపుతో బిగించాలి, ఒకే చివర తోక మెలిపెట్టి వదిలితే దండగ.

ఏది దోషమో తేలాలంటే మోటరు వైర్లు తీసి, కాంటాక్టర్ ఒక్కదాన్నే పదే పదే ఆన్, ఆఫ్ చేయండి. బోర్డు పడిపోతే కాయిల్‌ను పట్టుకోండి. పడకపోతే మోటరు కేబుల్ వెంట వెళ్లండి.